పరీక్ష కాగితం తీర్పు కాదు

కోవిడ్ కాలంలో మన ఇళ్లలో, వీధుల్లో, మస్జిద్ వాకిళ్లలో ఎక్కువగా వినిపించిన ప్రశ్న ఒక్కటే: 'రిపోర్టు ఏం వచ్చింది?' ఆ ప్రశ్నకు వచ్చిన జవాబే మనిషి గతిని నిర్ణయించింది. పాజిటివ్ అయితే ఆసుపత్రిలో మంచం, వీధిలో వెలి. నెగెటివ్ అయితే వీధిలో ఊరట, ఆసుపత్రి గుమ్మంలో నిరాకరణ. మరి ఒకే మనిషికి ఒక పరీక్ష లేదని, మరొక పరీక్ష ఉందని చెబితే ఏం చేయాలి? ఆయాసం పెరుగుతూ ఉంటే, చేతిలోని కాగితం మాత్రం జబ్బు లేదంటూ ఉంటే ఎవరి మాట నమ్మాలి?

ఈ ప్రశ్నను చాలామంది వైద్యులకే సంబంధించిన సాంకేతిక వ్యవహారంగా భావిస్తారు. అది సరికాదు. పరీక్షలు పరస్పరం విభేదించినప్పుడు ఆ సందేహం తాలూకు నష్టాన్ని ఎవరు భరించాలన్నది న్యాయానికి సంబంధించిన విషయం. గడచిన అనుభవం చెబుతున్నది ఏమిటంటే, ఆ నష్టాన్ని భరించింది ప్రయోగశాల కాదు, ఆసుపత్రి కాదు, ప్రభుత్వమూ కాదు. మారుమాట్లాడే శక్తి లేని పేద కుటుంబం. అందులోనూ అప్పటికే అనుమానపు చూపులను ఎదుర్కొంటున్న ముస్లిం కుటుంబం రెండింతలు భరించింది. మరో శ్వాసకోశ వ్యాధి విజృంభించక ముందే దీనిని సరిదిద్దుకోవలసి ఉంది.

పరీక్షలు ఎందుకు విభేదిస్తాయి?

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. రెండు పరీక్షలు రెండు రకాలుగా చెప్పినంత మాత్రాన వాటిలో ఒకటి మోసమని అర్థం కాదు. ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క వస్తువును వెదుకుతుంది. ఆర్‌టీ-పీసీఆర్ ముక్కు, గొంతు నుంచి తీసిన స్రావంలో వైరస్ జన్యుపదార్థాన్ని వెదుకుతుంది. లేశమాత్రంగా ఉన్నా దానిని అనేక రెట్లు పెంచి పట్టుకుంటుంది. ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్ష వైరస్ ప్రోటీన్‌ను వెదుకుతుంది. పావుగంట, అరగంటలో ఫలితం చెబుతుంది కానీ వైరస్ దండిగా ఉంటేనే పట్టుకోగలుగుతుంది. యాంటీబాడీ పరీక్ష వైరస్‌ను వెదకనే వెదకదు. దానితో పోరాడిన మన రక్తం మిగుల్చుకున్న గుర్తులను చూస్తుంది. అవి తయారు కావడానికి వారం, రెండు వారాలు పడుతుంది. సీటీ స్కాన్ ఊపిరితిత్తులకు జరిగిన నష్టాన్ని చూపుతుంది తప్ప ఆ నష్టం చేసింది ఎవరో కచ్చితంగా చెప్పలేదు. ఇతర వైరస్‌ల న్యుమోనియాలోనూ దాదాపు అటువంటి మచ్చలే కనిపించవచ్చు.

దీనికి తోడు కాలం. అమెరికా పరిశోధకులు అప్పటి అధ్యయనాలను క్రోడీకరించి 2020లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, వైరస్ సోకిన నాలుగవ రోజున, అంటే లక్షణాలు బయటపడడానికి ముందురోజున, ఆర్‌టీ-పీసీఆర్ చేస్తే వ్యాధి ఉన్న ప్రతి 100 మందిలో 67 మందికి నెగెటివ్ వచ్చే అవకాశం ఉంది. లక్షణాలు మొదలైన రోజున అది 38. మరో మూడు రోజులు గడిచాక 20. ఆ తరువాత మళ్లీ పెరుగుతూ పోతుంది. అంటే అత్యుత్తమమని పేరుపడిన పరీక్ష సైతం, సరైన రోజున చేసినప్పుడు కూడా, ఐదుగురు రోగులలో ఒకరిని వదిలివేయగలదు. తొందరపడి మొదటి రోజే చేయించుకున్న వారిని మరింత ఎక్కువగా వదిలివేస్తుంది. జబ్బు గొంతు దాటి ఊపిరితిత్తులలోకి దిగిన తరువాత ముక్కులో పుల్ల తిప్పితే అక్కడ వైరస్ దొరకకపోవచ్చు. నమూనా తీసిన చేయి నేర్పు, దానిని చల్లగా ఉంచిన పెట్టె, ప్రయాణించిన దూరం, ఇవన్నీ ఫలితంలో కలుస్తాయి.

ర్యాపిడ్ యాంటిజెన్ సంగతి చూద్దాం. 2020 జూన్ 14న భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, తొలి యాంటిజెన్ కిట్‌కు అనుమతి ఇస్తూనే దాని పరిమితిని కూడా దాచకుండా ప్రకటించింది. జబ్బు లేనివారిని లేదని చెప్పడంలో ఆ కిట్ 99 శాతానికి పైగా నమ్మదగినది. జబ్బు ఉన్నవారిని పట్టుకోవడంలో మాత్రం దాని శక్తి 50.6 నుంచి 84 శాతం వరకే. అందుకే యాంటిజెన్‌లో పాజిటివ్ వస్తే దానిని నిజమనే తీసుకోవాలని, లక్షణాలు ఉండి నెగెటివ్ వచ్చిన వారికి మాత్రం తప్పనిసరిగా ఆర్‌టీ-పీసీఆర్ చేయాలని నిర్దేశించింది. నిబంధన ఇంత స్పష్టంగా ఉంది. కానీ గ్రామంలో ఎంతమందికి ఈ రెండవ పరీక్ష గురించి ఎవరైనా చెప్పారు?

ఈ అంకెలను ఊరి లెక్కలోకి మార్చి చూద్దాం. జ్వరం, దగ్గుతో వచ్చిన 100 మందిలో నిజంగా 50 మందికి వ్యాధి ఉన్నదనుకుందాం. పరీక్ష 60 శాతం మందిని పట్టుకోగలదనుకుందాం. అప్పుడు 30 మందికి పాజిటివ్ వస్తుంది. మిగిలిన 70 మంది నెగెటివ్ కాగితంతో ఇంటికి పోతారు. ఆ 70 మందిలో 20 మంది రోగులే. వారి చేతిలోని కాగితం వారికి మందును దూరం చేస్తుంది, ఇంటిలోని ముసలివారికి జబ్బును దగ్గర చేస్తుంది.

గోదావరి ఒడ్డున ఆ దూరం ఎంత?

ఇప్పుడు ఈ లెక్కను గౌతమీ తీరాన ఉన్న కపిలేశ్వరపురం వంటి చోట పెట్టి చూడాలి. ఆ రోజులలో అది అవిభక్త తూర్పు గోదావరి జిల్లాలోనిది. కోనసీమ పేరిట జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లోనే. చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు, ఏటి నడుమ లంకలు. పెద్ద వైద్యం కావాలంటే మండపేట, రామచంద్రపురం దాటి రాజమహేంద్రవరానికో కాకినాడకో పోవాలి. 2020 వసంతంలో రాష్ట్రం మొత్తానికి వేళ్లమీద లెక్కించదగిన ప్రయోగశాలలు మాత్రమే ఉన్నప్పుడు వాటిలో కాకినాడ రంగరాయ వైద్య కళాశాల ఒకటి. అంతటి పెద్ద జిల్లాలోని నమూనాలు అక్కడికి చేరి, వంతు వచ్చి, ఫలితం సెల్‌ఫోన్‌కు తిరిగి రావాలి.

ప్రభుత్వం కృషి చేయలేదని అనడం అన్యాయం. క్షయ పరీక్షల కోసం వచ్చిన ట్రూనాట్ యంత్రాలను కోవిడ్‌కు వాడుకున్న రాష్ట్రాలలో మనది ముందు వరుసలో ఉంది. ఆర్టీసీ ఇంద్ర బస్సులను సంజీవని పేరుతో నమూనాలు సేకరించే వాహనాలుగా మార్చారు. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి జ్వరాల లెక్క తీశారు. పరీక్షల సంఖ్యలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందున్నదన్న ప్రశంసలూ వచ్చాయి. అయితే పరీక్షల సంఖ్య పెరగడం వేరు, పరీక్ష ఫలితాన్ని అర్థం చేసుకొని మనిషిని ఆదుకోవడం వేరు. మొదటిది జరిగింది. రెండవది వైద్యుని ఓపికకు, అధికారి దయకు, రోగి బంధువుల పలుకుబడికి వదిలివేయబడింది.

తొలి రోజుల్లోనే ఒక హెచ్చరిక వచ్చింది. 2020 ఏప్రిల్‌లో మన రాష్ట్రం దక్షిణ కొరియా నుంచి లక్ష ర్యాపిడ్ కిట్లు తెప్పించింది. వాటి ధరపై రాజకీయ వివాదం రేగింది. అదే వారంలో రాజస్థాన్‌కు అందిన చైనా కిట్లు నిర్ధారిత రోగులలో అధిక సంఖ్యాకులకు నెగెటివ్ చూపుతున్నాయని తేలింది. ఐసీఎంఆర్ అటువంటి పరీక్షలను కొద్ది రోజులు ఆపమని రాష్ట్రాలకు చెప్పింది. ఏప్రిల్ 27న రెండు చైనా కంపెనీల కిట్లను పూర్తిగా వెనక్కి పంపమన్నది. పత్రికలన్నీ ధర గురించి రాశాయి. ఆ కిట్ చెప్పే మాటకు అర్థమేమిటో, అది దేనికి పనికివస్తుందో, దేనికి పనికిరాదో మాత్రం సామాన్యునికి ఎవరూ వివరించలేదు.

దీపం పెట్టిన చోటే కనిపించేది

పరీక్ష ఫలితాలను తప్పుగా చదివితే ఒక రోగి నష్టపోవడం ఒక ఎత్తు. ఒక సమాజమే దోషిగా నిలబడవలసి రావడం మరొక ఎత్తు. 2020 మార్చి, ఏప్రిల్ మాసాలను మనం మరువలేము.

ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లివచ్చిన వారిని, వారితో మెలగిన వారిని వెదికి వెదికి పరీక్షించారు. అంటువ్యాధి కాలంలో ఒక సమావేశానికి వెళ్లినవారిని పరీక్షించడం తప్పు కాదు, అవసరమే. కానీ 2020 ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్యశాఖ విలేకరుల ముందుకు వచ్చి, దేశంలోని 14,378 కేసులలో 4,291 కేసులు, అంటే 29.8 శాతం, ఆ ఒక్క సమావేశానికి సంబంధించినవని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటా 61 శాతమని చెప్పింది. వినేవారికి అది ఒక వర్గం తెచ్చిన వ్యాధిగా తోచింది.

ఆ లెక్కలో చెప్పనిది ఒకటి ఉంది. ఆ సమావేశంతో సంబంధం ఉన్నవారిలో ఎందరిని పరీక్షించారు, సంబంధం లేనివారిలో ఎందరిని పరీక్షించారు? పరీక్షా సామగ్రి కొరతగా ఉన్న ఆ రోజులలో విదేశాలనుంచి వచ్చినవారు, వారిని తాకినవారు, తీవ్రమైన శ్వాసకోశ వ్యాధితో ఆసుపత్రిలో చేరినవారు వంటి కొన్ని వర్గాలకే పరీక్ష. లక్షణాలు లేకపోయినా పరీక్షకు నోచుకున్న బృందంలో కేసులు ఎక్కువ కనిపించడం సహజం. చీకటి గదిలో ఒక మూల దీపం పెట్టి, దుమ్మంతా ఆ మూలే ఉన్నదని అనడం వంటిది ఇది. వంద పాజిటివ్‌లలో ఒక వర్గం వాటా ఎంత అన్న అంకె, వంద పరీక్షలలో ఎన్ని పాజిటివ్ అన్న అంకె పక్కన లేకపోతే దేనికీ సాక్ష్యం కాదు.

ఇక్కడే పరీక్షల మరొక పరిమితి ముందుకు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న 1,000 మందిని వరుసగా నిలబెట్టి పరీక్షించారనుకుందాం. వారిలో నిజంగా ఐదుగురికే వైరస్ ఉన్నదనుకుందాం. పరీక్ష నూటికి ఒక్కసారే పొరపాటున పాజిటివ్ చూపుతుందనుకున్నా, జబ్బులేని 995 మందిలో సుమారు పదిమందికి పాజిటివ్ వస్తుంది. నిజమైన ఐదుగురిలో మూడో నాలుగో పట్టుబడతాయి. అంటే పాజిటివ్ వచ్చినవారిలో అధికులకు జబ్బే లేదు. వ్యాధి వ్యాపించిన చోట నెగెటివ్‌ను అనుమానించాలి. వ్యాధి అరుదుగా ఉన్న చోట ఒంటరి పాజిటివ్‌ను మరోసారి సరిచూడాలి. ఈ చిన్న వివేకం చాలామంది అధికారులకు, ఛానెళ్లకు లేకపోయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర విభాగాధిపతి మైక్ ర్యాన్ ఏప్రిల్ 6ననే కేసులను మతం, జాతి వారీగా విడదీసి చూపవద్దని హితవు చెప్పారు. బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2020 ఆగస్టు 21న విదేశీ తబ్లీగీలపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, విపత్తు వేళ బలిపశువులను వెదకడం జరుగుతుందని, వీరిని అందుకు ఎంచుకొని ఉండే అవకాశం ఉందని వ్యాఖ్యానించింది. తీర్పులు వచ్చాయి. అయితే అప్పటికే పండ్ల బండ్లవారిని, పాలవారిని, ఇంటింటికీ తిరిగి బట్టలు అమ్ముకునే వారిని వీధులలోకి రానివ్వని రోజులు గడచిపోయాయి. ముస్లిం జనాభా చాలా స్వల్పంగా, ఊరికి నాలుగైదు ఇళ్లుగా చెదరి ఉన్న గోదావరి గ్రామాలలో ఆ అనుమానాన్ని ఎదుర్కోవడం మరింత కష్టం. అక్కడ అండగా నిలిచే వీధి లేదు, నలుగురు కలిసి గొంతెత్తే మొహల్లా లేదు.

ఈ భయమే మరొక నష్టానికి దారితీసింది. పాజిటివ్ వస్తే ఇల్లంతా ముద్రపడుతుందని కొందరు పరీక్షకే పోలేదు. అవమానం జబ్బును దాచిపెట్టింది. దాచిన జబ్బు ప్రాణం తీసింది. వివక్ష వైద్యానికి ఎంత శత్రువో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

మయ్యిత్ ముందు ఆగిన గడియారం

మరణం తరువాత కూడా కాగితం పట్టు విడవలేదు. మనిషి అనుమానిత రోగిగా మరణిస్తే, ఫలితం వచ్చేదాకా శవం మార్చురీలో ఉండవలసిన పరిస్థితులు ఎదురయ్యాయి. ఖననాన్ని ఆలస్యం చేయకూడదన్నది మన ధర్మం. గుస్ల్, కఫన్, జనాజా నమాజ్ మరణించినవారికి జీవించినవారు చెల్లించవలసిన హక్కులు. ఒక పరీక్ష నెగెటివ్, మరొక పరీక్ష పాజిటివ్ అయినప్పుడు ఆ ఇంటివారి వేదనను మాటలలో చెప్పలేము. స్నానం చేయించవచ్చా లేదా? ముఖం చూడవచ్చా లేదా?

నిజానికి దీనికి జవాబు 2020 మార్చి 15ననే కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలలో ఉంది. ఖననాన్ని అవి నిషేధించలేదు. బంధువులు చివరిచూపు చూసుకునేందుకు సంచీ ముఖభాగం తెరవవచ్చునని, శరీరాన్ని తాకనవసరం లేని ధార్మిక క్రతువులు జరుపుకోవచ్చునని అన్నాయి. స్నానం చేయించడం, ఆలింగనం చేసుకోవడం మాత్రం వద్దన్నాయి. 2020 మే 22న బొంబాయి హైకోర్టు ముంబైలోని ఖబరస్తాన్‌లలో కోవిడ్ మృతుల ఖననాన్ని ఆపమన్న పిటిషన్లను తోసిపుచ్చి, గౌరవప్రదమైన అంత్యక్రియ జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. స్నానం సాధ్యం కాని సందర్భంలో తయమ్ముమ్ వంటి సడలింపులను మన ఉలమాలు సూచించారు. నిబంధన తెలియని కింది ఉద్యోగి భయం, హక్కు తెలియని కుటుంబం మౌనం, ఈ రెంటి మధ్య ఎందరో మయ్యిత్‌లు జనాజా లేకుండా మట్టిలో కలిశాయి. అదే కాలంలో తిరుపతి వంటి చోట్ల ముస్లిం యువకులు మతం అడగకుండా, ఎవరూ ముట్టని శవాలకు అంతిమ సంస్కారాలు జరిపించారన్నది కూడా చరిత్రలో నిలవవలసిన సత్యం.

పరీక్షలు విభేదించినప్పుడు ఇక్కడ పాటించవలసిన నియమం సరళమైనది. జాగ్రత్త విషయంలో పాజిటివ్‌గా భావించాలి. గౌరవం విషయంలో ఏ లోపమూ రానివ్వకూడదు. మరణించిన వ్యక్తి ఫలితం కోసం కుటుంబాన్ని రోజులతరబడి నిలబెట్టవలసిన అవసరం లేదు. జాగ్రత్తలతో శవాన్ని అప్పగించి, ఫలితాన్ని తరువాత నమోదు చేయవచ్చు.

చట్టంలో మిగిలిన రంధ్రం

ఇక అన్నింటికన్నా మనం దృష్టి పెట్టవలసిన విషయానికి వస్తాను.

రెండవ విజృంభణ ఉధృతంగా ఉన్న 2021 మే 8న కేంద్ర ఆరోగ్యశాఖ ఒక కీలకమైన ఆదేశం ఇచ్చింది. కోవిడ్ ఆసుపత్రిలో చేర్చుకోవడానికి పాజిటివ్ నివేదిక తప్పనిసరి కాదని, అనుమానిత రోగులను వారికోసం కేటాయించిన వార్డులో చేర్చుకోవాలని, ఏ కారణంతోనూ రోగిని తిప్పి పంపకూడదని దాని సారాంశం. మంచి ఆదేశం. అయితే వ్యాధి దేశంలోకి వచ్చిన ఏడాదికి పైగా గడిచాక వచ్చింది. ఆ లోపల కాగితం లేక గుమ్మం దగ్గరనుంచి తిరిగిపోయినవారి లెక్క ఏ రిజిస్టరులోనూ లేదు.

2021 జూన్ 30న సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ బన్సల్ కేసులో తీర్పు ఇస్తూ, కోవిడ్ మృతుల కుటుంబాలకు పరిహారం ఇవ్వడం విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రభుత్వ బాధ్యత అన్నది. మరణ ధ్రువపత్రాల జారీని సులభతరం చేయమన్నది. ఆ మీదట సెప్టెంబర్ 3న ఆరోగ్యశాఖ, ఐసీఎంఆర్ కలిసి మార్గదర్శకాలు విడుదల చేశాయి. తరువాత రూ. 50,000 పరిహారం ఖరారైంది. అక్టోబర్ 4న సుప్రీంకోర్టు, మరణ ధ్రువపత్రంలో కోవిడ్ అని రాయలేదన్న ఒక్క కారణంతో పరిహారం నిరాకరించకూడదని చెప్పింది. వివాదాలు తీర్చడానికి జిల్లా స్థాయిలో కమిటీలు వేయమన్నది. మన రాష్ట్రంలో చెల్లింపులు ఎంత మందకొడిగా సాగాయంటే, 2022 జనవరి 19న సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్, బీహార్ ప్రధాన కార్యదర్శులను హాజరై వివరణ ఇమ్మని ఆదేశించవలసి వచ్చింది. అధికారికంగా నమోదైన మరణాలకన్నా దరఖాస్తులు ఎంతో ఎక్కువగా వచ్చాయి. పరీక్షల లెక్కలో చేరని మరణాలు ఎన్ని ఉన్నాయో ఆ తేడాయే చెబుతున్నది.

కానీ సెప్టెంబర్ 3 మార్గదర్శకాలను జాగ్రత్తగా చదవండి. ఎవరిని కోవిడ్ రోగిగా గుర్తిస్తారు? ఆర్‌టీ-పీసీఆర్, ట్రూనాట్ వంటి పరీక్షలోనో, యాంటిజెన్‌లోనో పాజిటివ్ వచ్చినవారిని. లేదా ఆసుపత్రిలో చేరి ఉండగా వైద్యుడు ఇతర పరీక్షల ఆధారంగా కోవిడ్ అని నిర్ధారించినవారిని. పరీక్ష నెగెటివ్ అయినా వైద్యుని నిర్ధారణ చెల్లుతుందని ఒప్పుకోవడం గొప్ప మార్పే. అయితే ఆ నిర్ధారణ ఆసుపత్రిలో చేరినవారికే. గుమ్మంలోనే తిరస్కరించబడినవారికి ఆ మార్గమూ మూసుకుపోయింది. కాగితం లేదని మంచం ఇవ్వలేదు. మంచం ఎక్కలేదని కాగితం ఇవ్వలేదు. నెగెటివ్ ఫలితంతో ఇంటికి పంపబడి, ఆయాసంతో ఇంటిలోనే కన్నుమూసిన మనిషి ప్రభుత్వ దృష్టిలో కోవిడ్‌తో మరణించనే లేదు. ఆయన భార్యకు పరిహారం లేదు. అంత్యక్రియలకు రాష్ట్రం ప్రకటించిన రూ. 15,000 లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లల పేర రాష్ట్రం ప్రకటించిన రూ. 10 లక్షల డిపాజిట్‌కు కూడా ఆ కాగితమే అడ్డుగోడ.

దీనికి ఒక అభ్యంతరం వినిపిస్తుంది. పరీక్ష లేకుండా వైద్యుని మాటనే ప్రమాణంగా తీసుకుంటే దొంగ ధ్రువపత్రాలు పుట్టుకురావా? వస్తాయి. కొన్ని వచ్చాయి కూడా. అందుకే 2022 మార్చి 24న సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్, గుజరాత్, కేరళ, మహారాష్ట్రలలో 5 శాతం దరఖాస్తులను తనిఖీ చేయడానికి అనుమతించింది. మోసానికి విరుగుడు తనిఖీ. నిరాకరణ కాదు. కొందరు అబద్ధం చెబుతారన్న భయంతో నిజం చెప్పేవారందరినీ శిక్షించడం ఏ ధర్మశాస్త్రంలోనూ న్యాయం కాదు. అదే రోజున కోర్టు పాత మరణాలకు 60 రోజులు, కొత్త మరణాలకు 90 రోజులు గడువు విధించింది. ఆ గడువులు ఎప్పుడో ముగిశాయి. గడచినదానిని తిరిగి తెరవడం కష్టమే కావచ్చు. రాబోయేదానికి నియమం మార్చుకోవడం మన చేతిలో ఉంది.

రాబోయే దగ్గుకు మన సిద్ధత

శ్వాసకోశ వైరస్‌లు కోవిడ్‌తో మొదలు కాలేదు, కోవిడ్‌తో ముగియవు. 2009 నాటి స్వైన్ ఫ్లూ వైరస్ నేటికీ ఏటా చలికాలంలో, వానాకాలంలో మనమధ్య తిరుగుతూనే ఉంది. 2025 జనవరిలో హెచ్ఎంపీవీ పేరు విని దేశమంతా ఉలిక్కిపడింది. అది 2001లోనే గుర్తించిన పాత వైరస్ అని తరువాత చాలామందికి తెలిసింది. ఈ జబ్బులన్నీ మొదటి మూడు రోజులలో ఒక్కలాగే ఉంటాయి. ఏ వైరస్సో తేల్చే బహుళ పరీక్షలకు ప్రైవేటు ప్రయోగశాలలో వేల రూపాయలు కావాలి. కనుక గ్రామంలో వైద్యం పరీక్షను బట్టి కాక రోగి స్థితిని బట్టి సాగాలి.

ఈ సందర్భంలో హిజ్రీ 18లో అమ్వాస్ మహమ్మారి నాటి ఉదంతం గుర్తుచేసుకోవడం సముచితం. సిరియాకు బయలుదేరిన ఖలీఫా ఉమర్ (రజి) సర్గ్ వద్ద వ్యాధి వార్త విని ఆగిపోయారు. ముహాజిర్‌లను అడిగారు, వారు భేదించారు. అన్సార్‌లను అడిగారు, వారూ భేదించారు. చివరికి ఖురైష్ పెద్దల సలహాతో, ప్రజలకు తక్కువ హాని కలిగించే మార్గాన్ని ఎంచుకొని వెనుదిరిగారు. ఆ పిమ్మటే అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, వ్యాధి ఉన్న చోటికి వెళ్లవద్దని, ఉన్న చోటినుంచి పారిపోవద్దని దైవప్రవక్త (స) బోధించిన సంగతి తెలియజేశారు. సమాచారం పరస్పరం విభేదించినప్పుడు ప్రాణరక్షణవైపు మొగ్గడం మనకు కొత్త పాఠం కాదు.

ఆ వెలుగులో ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి ఇవి. లక్షణాలు ఉండి పరీక్ష నెగెటివ్ వచ్చిన ప్రతివారికీ ఆ నెగెటివ్ అర్థమేమిటో, మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలో తెలుగులో రాసి ఇవ్వాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడు లక్షణాలు, ఆక్సిజన్ స్థాయి ఆధారంగా చేసిన నిర్ధారణను, రోగి ఆసుపత్రిలో చేరకపోయినా, అధికారిక ఆధారంగా గుర్తించాలి. చేర్చుకోవడానికి నిరాకరించే ఆసుపత్రి కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. కేసుల లెక్కలు చెప్పేటప్పుడు ఏ మతాన్నీ, ఏ సమావేశాన్నీ వేలెత్తి చూపరాదు. అవసరమైతే పరీక్షించినవారి సంఖ్యను కూడా చెప్పాలి. ఖననానికి సంబంధించిన మార్గదర్శకాలు ప్రతి మార్చురీ గోడమీద ఉర్దూలోను, తెలుగులోను అతికించి ఉండాలి.

మనవంతు కూడా ఉంది. మస్జిద్ కమిటీలు రెండో మూడో పల్స్ ఆక్సీమీటర్లు కొని ఉంచుకోవడం పెద్ద ఖర్చు కాదు. కూర్చున్నప్పుడు బాగానే ఉన్న ఆక్సిజన్ స్థాయి ఆరు నిమిషాల నడక తరువాత పడిపోతుంటే, లేదా 94 కన్నా తక్కువగా ఉంటే, నెగెటివ్ కాగితాన్ని పక్కనపెట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఏ వైరస్ పరీక్షలో తేలకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేసే కఫ పరీక్ష చేయించాలి. అది క్షయ కావచ్చు. ప్రతి చీటీని, ప్రతి ఫలితాన్ని, ప్రతి మందుల బిల్లును తేదీల వారీగా దాచుకోవాలి. ఒక ఫలితం నచ్చలేదని చించివేయడం, నచ్చిన ఫలితం వచ్చేదాకా తిరగడం, రెండూ తప్పే. చదువుకున్న యువకులు తమ వీధిలోని నిరక్షరాస్య కుటుంబాలకు ఈ కాగితాలు చదివి వినిపించాలి. పరీక్షకు పోవడానికి సిగ్గుపడవలసినది లేదని ఖుత్బాలలో చెప్పాలి.

పరీక్ష ఒక సాక్షి. సాక్షి పొరపాటు పడవచ్చు, చూడని సంగతి చెప్పలేకపోవచ్చు, ఇద్దరు సాక్షులు విభేదించవచ్చు. అందుకే ఏ న్యాయస్థానమూ సాక్షికి తీర్పు చెప్పే అధికారం ఇవ్వదు. రోగిని కళ్లారా చూసి, నాడి పట్టి, ఊపిరి విని నిర్ణయించే బాధ్యత వైద్యునిది. ఆ నిర్ణయాన్ని గౌరవించే బాధ్యత ప్రభుత్వానిది. అది జరిగేదాకా అడుగుతూ ఉండే బాధ్యత మనది.